మీటల నుంచి మాట్లాడే తెర దాకా

రే చార్లెస్ ఏడేళ్ల వయసుకే చూపు కోల్పోయారు. 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లోని వాషింగ్టన్ బులెవార్డ్‌లో ఆయన సొంత స్టూడియో పెట్టుకున్నప్పుడు మిక్సింగ్ బల్ల ముందు తానే కూర్చునేవారు. అందులో వింతేమీ లేదు. ఆ కాలపు స్టూడియో సామానంతా చేతికి తగిలేదే. ఏ ఫేడర్ ఏ మైకుదో వరసను బట్టి తెలిసేది. ఏ నాబ్ ఎంత తిరిగిందో వేళ్లకు తెలిసేది. టేపు మెషిన్ మీద వెనక్కి తిప్పే మీట, మోగించే మీట, రికార్డు మీట ఎక్కడివక్కడే ఉండేవి. కంటితో పని పడేది ఒక్క మీటరు ముల్లుతోనే. ధ్వని హద్దు దాటిందని ఆ ముల్లు చూపిస్తుంది. అది కనిపించకపోయినా, స్వరం చీరుకుపోయే చోటును చెవి పట్టేస్తుంది.

1979లో టియాక్ సంస్థ టాస్కామ్ పేరు మీద పోర్టాస్టూడియో 144 అనే పెట్టెను తెచ్చింది. మామూలు ఆడియో క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. ఒకరే మొదట గిటార్, తరవాత బేస్, ఆపైన గొంతు, ఇలా ఒక్కొక్కటీ పేర్చుకుంటూ ఇంట్లోనే పాట తయారు చేసుకోవడం దానితో చాలామందికి అందుబాటులోకి వచ్చింది. ఆ పెట్టె మీద కూడా ఉన్నవన్నీ మీటలు, నాబ్‌లే. చూపున్నవారికి ఎంత తేలికో లేనివారికీ దాదాపు అంతే తేలిక.

అంటే ఇంటి రికార్డింగు అంధ సంగీతకారుడికి మొదట్నుంచీ కష్టమైన పని కాదు. కంప్యూటర్ వచ్చాక కష్టమైంది. ఆ కంప్యూటరే మాట్లాడటం నేర్చుకున్నాక మళ్లీ చేతికందింది. ఆ మధ్యకాలంలో దారి వేసినవారిలో చూపులేని ప్రోగ్రామర్లు, చూపులేని వాద్యకారులే ముందున్నారు. అందుకే ఈ చరిత్ర చెప్పుకోవాలి. ఈ రోజు ఒక అంధ గాయకుడు ఏ ల్యాప్‌టాప్ కొనాలా అని ఆలోచిస్తున్నప్పుడు అతని ముందున్న ప్రతి అవకాశం వెనకా ఎవరో ఒకరి పట్టుదల ఉంది.

*

కంప్యూటర్‌కూ అంధ సంగీతానికీ ఒక గట్టి ముడి 1976లో పడింది. రే కర్జ్‌వైల్ అనే ఇంజనీరు ఆ ఏడాది జనవరిలో అచ్చు పుస్తకాన్ని చదివి వినిపించే యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ వార్త విన్న స్టీవీ వండర్ నేరుగా కర్జ్‌వైల్ దగ్గరికి వెళ్లి తొలి యంత్రాన్ని కొనుక్కున్నారు. అప్పటికే వండర్ సాధించింది తక్కువేమీ కాదు. 1971 నుంచి మాల్కమ్ సెసిల్, రాబర్ట్ మార్గూలెఫ్‌లతో కలిసి టాంటో అనే మహా సింథసైజర్ మీద పని చేస్తూ, ఒక పాటలోని వాద్యాల్లో ఎక్కువ భాగం తానే వాయించి పేర్చే పద్ధతికి అలవాటు పడ్డారు. ఆ వైర్ల గోడను అమర్చే పని ఆ ఇద్దరిది, వాయించే పని ఈయనది.

1982లో వండర్ తన స్టూడియో చూపిస్తూ కర్జ్‌వైల్‌ను ఒక మాట అడిగారు. కంప్యూటర్ వాద్యాల మీద ఎంత పట్టు దొరుకుతుందో అంత పట్టుతో అసలు పియానో, అసలు వయొలిన్ నాదాన్ని పలికించలేమా అని. ఆ ప్రశ్నతోనే కర్జ్‌వైల్ మ్యూజిక్ సిస్టమ్స్ పుట్టింది. 1984లో కె250 కీబోర్డు వచ్చింది. నిజమైన పియానో నాదాన్ని కంప్యూటర్ జ్ఞాపకంలో దాచి కీబోర్డు మీద పలికించడంలో పేరు తెచ్చుకున్న తొలి వాద్యాల్లో అదొకటి. చూపులేని కళాకారుడి కోరికలోంచి వచ్చిన ఈ వాద్యం చూపున్న ఎందరో కళాకారుల స్టూడియోల్లోకి చేరింది. ఈ సంగతికి రావలసినంత పేరు రాలేదనే చెప్పాలి.

ఈలోగా 1983లో మిడి వచ్చింది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌కు చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి కలిసి ముందుకు నడిపిన ప్రమాణం ఇది. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్న వివరాలను ఒక వాద్యం ఇంకోదానికి, లేదా కంప్యూటర్‌కు, తీగ మీద పంపుతుంది. ధ్వని పంపదు, సూచనలే పంపుతుంది. అప్పటి కంప్యూటర్ల చిన్నపాటి జ్ఞాపకశక్తికి అది సరిగ్గా సరిపోయింది. వేలు తప్పిన ఒక్క స్వరాన్ని మాత్రమే దిద్దుకోవడం ఇంటి దగ్గరే సాధ్యమైంది. ఇక కావలసింది ఆ స్వరాల జాబితాను చదివి వినిపించే గొంతు.

*

ఆ గొంతు విండోస్‌కు ముందటి డాస్ కాలంలో దొరికింది. దొరకడానికి కారణం ఆ తెర పేదరికమే. పాత ఐబీఎం పీసీ తెర మీద ఉండేవి అక్షరాలే: అడ్డంగా 80, నిలువుగా 25 వరసలు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో కంప్యూటర్ జ్ఞాపకంలో నేరుగా రాసి ఉండేది. ఆ జ్ఞాపకాన్ని చదివి స్పీచ్ సింథసైజర్‌కు అందించే ప్రోగ్రామే స్క్రీన్ రీడర్. ఐబీఎంలో జిమ్ థాచర్ తన సహోద్యోగి, అంధుడైన గణితవేత్త కోసం మొదలుపెట్టిన పని 1986లో ఐబీఎం స్క్రీన్ రీడర్‌గా బయటికొచ్చింది. తరవాత అన్నింటికీ అదే పేరు స్థిరపడిపోయింది.

మరుసటేడు, 1987లో, గ్రెగ్ హెండర్‌షాట్ కేక్‌వాక్ అనే మిడి ప్రోగ్రామును డాస్‌కు రాశారు. అక్షరాల తెర, కీబోర్డుతో నడక. పక్కన అటారీ ఎస్టీ ఉంది. 1985లోనే మిడి సాకెట్లతో సహా వచ్చిన ఆ యంత్రాన్ని యూరప్ స్టూడియోలు నెత్తిన పెట్టుకున్నాయి. అయితే అది బొమ్మల తెర, మౌస్‌తో నడిచే యంత్రం. దుకాణంలో అది మెరుగ్గా కనిపించేదేమో కానీ, చూపులేనివారికి పక్కనున్న బోసి డాస్ పీసీయే పనిముట్టు. ఆ తేడా ఈనాటికీ మారలేదు. ప్రాసెసర్ వేగం, తెర అందం, పేరున్న సాఫ్ట్‌వేర్ అన్నీ తరవాత. ముందు అడగవలసింది ఒక్కటే: ఈ ప్రోగ్రాము స్క్రీన్ రీడర్‌తో మాట్లాడుతుందా?

టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ పందేల్లో తిరిగిన మనిషి. 1978లో జరిగిన కారు ప్రమాదంలో చూపు పోయింది. కంప్యూటర్ నేర్చుకుని 1987లో హెంటర్-జాయిస్ కంపెనీ పెట్టి, డాస్ కోసం జాస్ అనే స్క్రీన్ రీడర్ తయారు చేశారు. దాని విండోస్ రూపం 1995లో వచ్చింది. ఈ రెంటి మధ్యనే అసలు గండం వచ్చిపడింది.

విండోస్ వచ్చేసరికి తెర మీద అక్షరాల గడులు పోయాయి. ఉన్నవన్నీ చుక్కలే. మీట బొమ్మ, ఫేడర్ బొమ్మ, తరంగం బొమ్మ, అన్నీ చుక్కల కూర్పే. స్క్రీన్ రీడర్‌కు చదవడానికి అక్షరం ఉండదు. ఏ ప్రోగ్రాము ఎక్కడ ఏం గీస్తోందో దొంగచాటుగా గమనించి తన దగ్గర ఒక నమూనా రాసుకోవాలి. మ్యాకింటాష్ మీద బర్కిలీ సిస్టమ్స్ 1989లో తెచ్చిన అవుట్‌స్పోకెన్ ఈ పని చేసి చూపించింది. బొమ్మల తెరను చదివి వినిపించడం కుదిరే పనేనని అందరికీ తెలిసింది. అయితే మామూలు మెనూలు, అక్షరాలు ఉన్న ప్రోగ్రాములకే అది నప్పేది. సంగీతపు ప్రోగ్రాములు తయారు చేసేవారికి స్టూడియో పెట్టెల బొమ్మలంటే మోజు. ఇత్తడి నాబ్‌లు, ఎర్ర దీపాలు, చెక్క అంచులు, అన్నీ సొంతంగా గీసుకునేవారు. చేతికి తగిలే నాబ్ పోయి, దాని బొమ్మ మిగిలింది. చూపులేని సంగీతకారుడి చేతిలోంచి స్టూడియో జారిపోయింది అప్పుడే.

*

తిరిగి పట్టుకున్న తీరు చూడండి. జాస్‌లో ఒక సదుపాయం ఉంది. ఏ ప్రోగ్రాములో ఏ మూల ఏముందో స్క్రిప్టు రాసి దానికి నేర్పవచ్చు. పెన్సిల్వేనియాలో బిల్ మెకాన్ అనే ట్రంపెట్ వాద్యకారుడు, తానూ చూపులేనివారే, 1992లో డాన్సింగ్ డాట్స్ అనే సంస్థ పెట్టారు. పేరులోని చుక్కలు బ్రెయిల్ చుక్కలే. లూయీ బ్రెయిల్ 1829లో అచ్చు వేసిన తొలి పుస్తకంలోనే అక్షరాలతో పాటు సంగీతం రాసే పద్ధతి కూడా ఉంది. ఆయన స్వయంగా చర్చి ఆర్గన్ వాద్యకారుడు. మామూలు స్టాఫ్ నొటేషన్‌ను బ్రెయిల్‌లోకి మార్చే గుడ్‌ఫీల్ ప్రోగ్రాము డాన్సింగ్ డాట్స్‌దే. కేక్‌వాక్‌కూ, 2001లో దాని వారసుడిగా వచ్చిన సోనార్‌కూ జాస్ స్క్రిప్టులు అందించి, కేక్‌టాకింగ్ పేరుతో పాఠాలతో సహా అమ్మింది కూడా వాళ్లే.

కేక్‌టాకింగ్‌తో అంధ సంగీతకారులు సోనార్‌లో ఆడియో, మిడి రెండూ రికార్డు చేసి, దిద్ది, మిక్స్ చేసి ఆల్బమ్‌లు బయటికి తెచ్చారు. దాని విలువ తక్కువ చేయకూడదు. ఖర్చు మాత్రం మూడంతలు. జాస్‌కు ఒక ధర, దానికే వెయ్యి డాలర్ల దరిదాపుల్లో. సోనార్‌కు ఒక ధర. స్క్రిప్టులకు మరో ధర. పైగా సోనార్ కొత్త వెర్షన్ వచ్చి కిటికీల అమరిక మారితే స్క్రిప్టులు తడబడేవి. అందుకని చాలామంది పాత వెర్షన్‌నూ, అది నడిచే పాత కంప్యూటర్‌నూ ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చారు. చూపున్న మిత్రులు ఏటా కొత్త యంత్రం కొంటుంటే, వీళ్లు చెడిపోని పాత యంత్రం కోసం వెతికేవారు.

ఆధారపడిన ప్రోగ్రాము తయారీదారుల రాత మారితే ఏమవుతుందో కూడా సోనార్ చూపించింది. 2013లో సోనార్ తయారీ సంస్థ కేక్‌వాక్ గిటార్ల కంపెనీ గిబ్సన్ చేతికి వెళ్లింది. 2017 నవంబరులో గిబ్సన్ దాని అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2018లో బ్యాండ్‌ల్యాబ్ అనే సంస్థ కొని ఉచితంగా ఇచ్చి బతికించింది. ఆ నడిమి నెలల్లో కేక్‌వాక్ కొన్న అందరికీ బెంగే. దాని మీటలు తప్ప మరో ప్రోగ్రాము మీటలు వేళ్లకు రానివారికి ఆ బెంగ రెట్టింపు.

*

మ్యాక్ మీద ఇంకో రకం కథ. అమెరికా పెద్ద స్టూడియోల్లో రాజ్యం ప్రో టూల్స్‌ది. 1991లో డిజిడిజైన్ తెచ్చిన ఈ ప్రోగ్రామును పాత మ్యాక్ ఓఎస్ 9 మీద అవుట్‌స్పోకెన్ సాయంతో కొందరు అంధ ఇంజనీర్లు బాగానే నడిపేవారు. 2001లో యాపిల్ ఓఎస్ ఎక్స్‌కు మారింది. అవుట్‌స్పోకెన్ ఆ గట్టు దాటలేదు. మాట్లాడే తెర ఒక్కసారిగా మూగబోయింది. నాలుగేళ్ల తరవాత, 2005 ఏప్రిల్‌లో, ఓఎస్ ఎక్స్ టైగర్‌లో యాపిల్ తన సొంత స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌ను కలిపి ఇచ్చింది. విడిగా కొనక్కర్లేదు. కమాండ్ మీట పట్టుకుని ఎఫ్5 నొక్కితే మ్యాక్ మాట్లాడుతుంది. దుకాణంలో ఉన్న ఏ మ్యాక్ దగ్గరైనా సరే, చూపులేని మనిషి ఎవరినీ అడగకుండా కూర్చుని పరీక్షించుకునే రోజు వచ్చింది.

కానీ వాయిస్‌ఓవర్ ఉన్నంత మాత్రాన ప్రో టూల్స్ మాట్లాడదు. దాని మీటలకు పేర్లు లోపలి నుంచి తగిలించాలి. న్యూయార్క్‌లో సొంత స్టూడియో నడిపే అంధ నిర్మాత స్లావ్ హలటిన్, మరికొందరు వాడుకరులు సంతకాలు సేకరించారు, కంపెనీ ఇంజనీర్లతో మాట్లాడారు, ఏ మీట దగ్గర ఏం వినిపించాలో వివరించి చెప్పారు. 2010 ప్రాంతం నుంచి ప్రో టూల్స్ మళ్లీ పలకడం మొదలుపెట్టింది. వెర్షన్ మారినప్పుడల్లా ఏదో ఒక మూల మూగబోవడం, మళ్లీ ఉత్తరాలు రాయడం మామూలైంది. ఆ ఖాళీలు పూడ్చటానికి వాడుకరులే ఫ్లో టూల్స్ అనే షార్ట్‌కట్‌ల సంపుటి తయారు చేసి ఉచితంగా పంచారు.

2016లో యాపిల్ మ్యాక్‌బుక్ ప్రో పై వరస మీటలు తీసేసి నున్నటి టచ్ బార్ పెట్టింది. ఎస్కేప్ మీట కూడా అందులోనే కలిసిపోయింది. వాయిస్‌ఓవర్ దాన్ని చదివి వినిపిస్తుంది, నిజమే. కానీ కీబోర్డు మీదే బతికే మనిషికి వేలి కింద ఆనవాలు లేని మీట మీటే కాదు. 2019లో ఎస్కేప్ తిరిగొచ్చింది. 2021 నాటి 14, 16 అంగుళాల యంత్రాల్లో పై వరస మొత్తం తిరిగొచ్చింది. పాత మ్యాక్‌బుక్ చవకగా వస్తోందని కొనేవారు ముందు ఆ పై వరసను వేలితో తడిమి చూడాలి.

*

ఈ చరిత్రలో అన్నిటికంటే మనసుకు దగ్గరగా అనిపించేది ఆస్ట్రేలియా ఘట్టం. మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు పిల్లలు, ఇద్దరూ చూపులేనివారే, అంధ విద్యార్థుల సంగీత శిబిరంలో కలుసుకున్నారు. సంగీతంతో పాటు కంప్యూటర్ల పిచ్చి కూడా ఇద్దరికీ ఉంది. కంప్యూటర్ తెర చదివించుకోవడానికి ఒక అంధుడు కంప్యూటర్ ధర కంటే ఎక్కువ పెట్టి మరో ప్రోగ్రాము కొనాలా అన్న ప్రశ్న కరన్‌ను పట్టుకుంది. 2006 ఏప్రిల్‌లో ఆయన విండోస్ కోసం ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టారు. టే చేయి కలిపారు. ఇద్దరూ బ్రిస్బేన్‌లో ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. ప్రోగ్రాము ఉచితం, దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది.

అదే కాలంలో అమెరికాలో జస్టిన్ ఫ్రాంకెల్, ఒకప్పుడు విన్‌యాంప్ అనే పాటల ప్లేయర్ రాసిన మనిషి, రీపర్ అనే రికార్డింగు ప్రోగ్రామును వదిలారు. మొదటి పూర్తి వెర్షన్ 2006లో వచ్చింది. చిన్న ఫైలు, సొంత అవసరాలకు 60 డాలర్ల లైసెన్సు, 60 రోజులు పూర్తిగా వాడి చూసుకునే వీలు. అంతకంటే ముఖ్యమైనది దాని నిర్మాణం. లోపల జరిగే ప్రతి పనికీ ఒక పేరు ఉంటుంది. ఏ పనినైనా ఏ మీటకైనా కట్టుకోవచ్చు. బయటివారు దానికి కొత్త సామర్థ్యాలు జోడించవచ్చు. టే స్వయంగా ఆ దారిలో దిగి ఒసారా అనే ఉచిత జోడింపును మొదలుపెట్టారు. రీపర్‌లో ఏ ట్రాకు మీద ఉన్నారో, ఏ కొలత దగ్గర ఉన్నారో, ఏ స్వరం ఎంచుకున్నారో స్క్రీన్ రీడర్ ద్వారా చెప్పించడమే దాని పని.

దాని పనితీరు కాస్త దగ్గరగా చూద్దాం. కంట్రోల్, టి నొక్కితే కొత్త ట్రాకు. పేరు అడుగుతుంది, ‘గాత్రం’ అని టైపు చేయవచ్చు. ఎఫ్7 నొక్కితే ఆ ట్రాకు రికార్డుకు సిద్ధమైందని చెవిలో చెబుతుంది. ఎఫ్5 నోరు మూయిస్తుంది, ఎఫ్6 దాన్నొక్కదాన్నే వినిపిస్తుంది. పాత మీటరు ముల్లు గుర్తుందిగా, దాని బదులు ఇక్కడ పీక్ వాచర్ ఉంది. ధ్వని ఏ హద్దు దాటితే చెప్పాలో ముందే నిర్ణయించుకుంటే, పాడుతుండగా అది దాటినప్పుడు ఏ ట్రాకు ఎంత దాటిందో చెబుతుంది. కుడి, ఎడమ బాణాలతో మిల్లీసెకన్ల దూరం కదులుతూ, ఊపిరి తీసిన చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో విని అక్కడే కోయవచ్చు. తరంగం బొమ్మ చూసి కోసేవారి కంటే విని కోసేవారి కత్తిరింపు శుభ్రంగా ఉండటం ఆశ్చర్యం కాదు. పాటలో మిగిలేది విన్నదే కదా.

ఇంటి రికార్డింగులో చూపులేనివారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మాట్లాడే గొంతూ పాటా ఒకే దారిన వస్తే రెండూ చెడతాయి. విండోస్‌లో వాయించిన స్వరం వెంటనే వినపడాలంటే స్టైన్‌బర్గ్ తెచ్చిన ఏసియో పద్ధతి కావాలి. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, 128 నమూనాల బఫర్ పెడితే ఆలస్యం 3 మిల్లీసెకన్లు, 1,024 పెడితే 23. ఆ 23 దగ్గర వేలికీ చెవికీ మధ్య దూరం తెలిసిపోతుంది. అయితే కొన్ని ఏసియో డ్రైవర్లు సౌండ్ కార్డును తమ గుప్పిట్లో పెట్టుకుంటాయి. స్క్రీన్ రీడర్ గొంతు అప్పుడు ఆగిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు దారులు వేసుకుంటారు. కంప్యూటర్‌లోని సొంత సౌండ్ కార్డు మాటకు, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ పాటకు. ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌తో మాట, దాని మీద పెద్ద హెడ్‌ఫోన్‌తో పాట. మైకు ముందు స్పీకర్‌లో స్క్రీన్ రీడర్‌ను మాట్లాడించకూడదన్నది ఈ పనిలో దిగిన మొదటి వారంలోనే ప్రతి ఒక్కరూ నేర్చుకునే పాఠం.

ఇంటర్‌ఫేస్ ఎంపికలోనూ పాత పోర్టాస్టూడియో నీతే పనికొస్తుంది. మైకు గెయిన్, హెడ్‌ఫోన్ శబ్దం, ఫాంటమ్ పవర్, ఇవి పెట్టె మీద అసలు నాబ్‌లుగా, మీటలుగా ఉంటే మంచిది. అన్నీ కంప్యూటర్‌లోని ఒక బొమ్మల కిటికీలోంచే తిప్పాలంటే, ఆ కిటికీ స్క్రీన్ రీడర్‌తో మాట్లాడకపోతే పెట్టె ఎంత ఖరీదైనదైనా దండగే.

*

ప్లగిన్లు మూగతనానికి చివరి కోట. 1996లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ పద్ధతి తెచ్చిన తరవాత రివర్బ్, కంప్రెసర్, పియానో, వీణ అన్నీ చిన్న ప్రోగ్రాములై ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇమిడిపోయాయి. ప్రతిదానికీ సొంత బొమ్మల ముఖం. వీటిలో చాలా వాటిని జ్యూస్ అనే పరికరాల సంపుటితో తయారు చేస్తారు. 2021లో ఆ సంపుటి 6.1 వెర్షన్‌లో స్క్రీన్ రీడర్లకు మీటల పేర్లు చెప్పే ఏర్పాటు చేర్చారు. పునాదిలో వేసిన ఆ ఒక్క ఇటుకతో, తయారీదారు కాస్త శ్రద్ధ పెడితే చాలు, ప్లగిన్ పలుకుతుంది. శ్రద్ధ పెట్టని చోట రీపర్ ఆదుకుంటుంది. బొమ్మ ముఖాన్ని పక్కన పెట్టి, లోపలి అంశాలన్నిటినీ మామూలు జాబితాగా చూపుతుంది.

బెర్లిన్‌లోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంకో దారి చూపింది. వారి కొంప్లీట్ కంట్రోల్ ఎస్ వరస కీబోర్డుల్లో నాబ్ మీద వేలు ఆనించగానే అది ఏమిటో, ఎంతలో ఉందో కంప్యూటర్ చెబుతుంది. పోయిన నాబ్ మాట నేర్చుకుని తిరిగొచ్చిందన్నమాట. ఏబుల్టన్ లైవ్ మాత్రం 2001 నుంచి ప్రపంచమంతా వాడుతున్నా, స్క్రీన్ రీడర్‌కు తలుపు తీసింది 2024లో వచ్చిన 12వ వెర్షన్‌తోనే. ఇరవై రెండేళ్ల ఆలస్యాన్ని సాంకేతిక ఇబ్బంది అని సరిపెట్టుకోలేం. బ్రిస్బేన్ నుంచి ఒకే ఒక ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఒసారా అంతకు చాలా ఏళ్ల ముందే నడుస్తోంది.

*

తెలుగునాట ఈ చరిత్రకు ఒక పాత పునాది ఉంది. 1919లో విజయనగరంలో విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టడానికి ప్రేరణ చాగంటి గంగరాజు అనే చూపులేని కుర్రవాడని చెబుతారు. సంస్థానంలో ఉద్యోగి అయిన జోగారావు గారి కొడుకు. సంగీతం మీద అతనికున్న ఇష్టం చూసి రాజావారు ఆ విద్యాలయం పెట్టించారు. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. ఆ తరవాత అధ్యక్షపీఠం ఎక్కిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చిన్ననాటి నుంచీ చూపు మందం, ఆ కారణంగానే బడి చదువు ఆగింది. గురుముఖతః నేర్చుకునే మన సంగీతానికి కాగితం ఎప్పుడూ తప్పనిసరి కాలేదు. వినడం, పాడటం, మళ్లీ వినడం. ఆ విద్యను చూపులేని శిష్యుడు ఏ లోటూ లేకుండా అందుకోగలడు. లోటు వచ్చేది తాను పాడింది రికార్డు చేసి పది మందికి పంపాలనుకున్నప్పుడే.

ఇప్పుడు ఆ లోటు పూడ్చుకోవడానికి పెద్ద ధనం అక్కర్లేదు. విండోస్ ల్యాప్‌టాప్ కొత్తదైనా, మంచి స్థితిలో ఉన్న పాతదైనా సరే. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ డిస్కు ఉంటే వాద్యాల ప్లగిన్లు కూడా హాయిగా నడుస్తాయి. ఫ్యాన్ చప్పుడు మాత్రం కొనే ముందే చెవి దగ్గర పెట్టుకుని వినాలి, అది మైకులోకి దూరుతుంది. కుడివైపు అంకెల మీటలున్న కీబోర్డు అయితే ఎన్‌వీడీఏ ఆజ్ఞలు చేతికి సులువు. లేకపోతే క్యాప్స్ లాక్‌తో నడిచే ల్యాప్‌టాప్ పద్ధతి ఉంది. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. కాస్త యంత్రపు యాస ఉన్నా, ట్రాకుకు ‘మృదంగం’ అని పేరు పెడితే మృదంగమనే చదువుతుంది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే 2020 చివరలో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్, దాని తరవాతి ఎయిర్‌లు ఉన్నాయి. వాటిలో ఫ్యాన్ అసలే లేదు. వాయిస్‌ఓవర్, గ్యారేజ్‌బ్యాండ్ విడిగా కొనక్కర్లేదు, పైకి ఎదగాలంటే లాజిక్ ప్రో ఉంది. పెట్టె విప్పిన క్షణం నుంచీ ఎవరి సాయమూ లేకుండా అమర్చుకోవచ్చు. 2017 నుంచి విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా నేరేటర్ మాట్లాడుతోంది. దానికీ ముందు వచ్చే బయోస్ తెర మాత్రం మామూలు పీసీల్లో నేటికీ మూగదే. అక్కడ ఒకరి కళ్లు అరువు తెచ్చుకోవలసిందే.

విండోస్, మ్యాక్ రెంటిలో ఏది మేలంటే, ఎవరి దగ్గర నేర్చుకోబోతున్నారో వారు వాడేదే మేలు. ఈ విద్యలో సగం ఇప్పటికీ ఒక అంధ ఇంజనీరు మరొకరికి ఫోన్‌లో, చెవి నుంచి చెవికి, మీట తరవాత మీట చెప్పుకుంటూ పోయేదే. మన తాళాలకు ఈ ప్రోగ్రాములు అలవాటు పడలేదన్న అనుమానం కొందరికి ఉంటుంది. రీపర్‌లో షిఫ్ట్, సి నొక్కితే తాళం, వేగం మార్చే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. స్క్రీన్ రీడర్ ఒక్కో గడినీ చదువుతుంది. పై గడిలో 7, కింది గడిలో 8 రాసి ఎంటర్ కొడితే క్లిక్ మిశ్రచాపుకు మారుతుంది. 5 రాస్తే ఖండచాపు.